కొంగను కాపాడిన రోజు

"మీ పని అనుభవాలు రాయండి, కుర్రాళ్ళకి స్ఫూర్తిగా ఉంటుంది" అని కాలేజీ పత్రికవాళ్ళు అడిగారు. స్ఫూర్తి నా దగ్గర లేదు, వేరే చోట చూసుకోండి. నా దగ్గరున్నది ఒక విమానం సంగతి. అందులో చివరికి ఎవరూ బాగుపడరు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా నర్సీపట్నంలో మైకు దొరికిన ప్రతివాడూ "వారసత్వం" అంటున్నాడు. ఆ మాట వినబడితే నాకు అన్నం సయించదు.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. మిగతాదంతా చింతపల్లి రోడ్డు మీది రేకుల షెడ్డులో చదివాను. అక్కడ మా మాస్టారు మోడల్ విమానాలు చేసేవారు. ఆయన మిషన్ బడిలో చెక్కపని నేర్పిన మనిషి. పై దేశాల నుంచి ఆయనకి విమానాల పత్రికలు వచ్చేవి. బొమ్మలు చూడ్డానికి తీసుకున్న ఆ పత్రికల్లోనే నేను ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. ఇంజినీరింగ్ చదివినవాళ్ళు నన్ను "ఏం క్వాలిఫికేషన్" అని అడిగితే "షెడ్డు" అని చెప్తాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను.

మాస్టారి విమానాలు అల్మరాలో పెట్టుకునేవి కావు, ఎగిరేవి. ఎన్.సి.సి. కుర్రాళ్ళకీ, బళ్ళకీ, పిచ్చి ఉన్న పెద్దమనుషులకీ అట్టపెట్టెల్లో కట్టి, యలమంచిలి స్టేషన్లో పార్సిల్ వేసేవాళ్ళం. అన్నిట్లోకీ పేరు తెచ్చినది ఇంజను లేని తెల్ల విమానం. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉండేది గాని జనం "మాస్టారి కొంగ" అన్నారు, అదే నిలిచింది. రెక్కలకి మన్యం వెదురు బద్దలు, జీలుగు బెండు, పైన పల్చటి తెల్ల కాగితం. ఒకడు కొంగను తలపైకి ఎత్తి పట్టుకుంటే, ఇంకొకడు దారం పట్టుకుని గాలికి ఎదురుగా పరిగెత్తేవాడు. గాలిపటంలా లేచేది. నడినెత్తికి రాగానే దారం కొక్కెంలోంచి జారిపోయేది. అక్కణ్ణుంచి దానిష్టం.

ఆ ఇష్టమే మా కష్టం. పొద్దెక్కాక నేల మీంచి వేడిగాలి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా పైకి తేలేది ఆ గాలి మీదే. కొంగ అందులో పడిందంటే ఇక దిగదు, పైకే పోతుంది. అందుకని మాస్టారు దాని తోకను వదులుగా పెట్టేవారు. తోకని కిందికి లాగి రబ్బరుతో కట్టి, ఆ రబ్బరు కింద నిదానంగా కాలే ఒత్తి దూర్చి వెలిగించేవాళ్ళం. ఒత్తి కాలి రబ్బరు తెగితే తోక ఠపీమని పైకి లేచేది. తోక లేచిన కొంగ ఇక ఎగరలేదు, ఎండుటాకులాగ ఊగుకుంటూ దిగి వచ్చేది. షెడ్డులో రెండే శాసనాలు. ఎండ ఎక్కకముందే ఎగరెయ్యాలి. తోక వదులు చూడకుండా ఎగరెయ్యకూడదు.

ఒత్తి పని అక్కది. సొంత అక్క కాదు, షెడ్డులో అందరం అలాగే పిలిచేవాళ్ళం. రెక్కలకి కాగితం అతికించేదీ ఆమే. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. సూరేకారం నీళ్ళలో నూలు ముంచి, ఎండబెట్టి, ఒత్తులు చేసేది. "మా ఇంట్లో దీపం ఎట్టే సంగతి లేదు. అయినా ఈ ఊళ్ళో నా అన్ని ఒత్తులు ఎవులు సేసినారో సెప్పండి" అనేది. ఒత్తి అంటించడానికి అగ్గిపెట్టె వాడేది కాదు. ఆమె అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆ చుట్ట తీసి ఒత్తికి తగిలించి, మళ్ళీ నోట్లో పెట్టుకునేది. చర్చి అయ్యగారు మానెయ్యమంటే, "మానీగలను బాబూ. మరి కొంగల్ని కిందకి దింపీదెవులు, మీరు వొస్తారా?" అందట. ఆయన ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఒత్తి అంటించగానే ఆమె మెల్లగా ఒక కీర్తన ఎత్తుకునేది. ఆఖరి చరణంలో తోక లేచేది. మా షెడ్డులో గడియారం ఆ కీర్తనే. చుట్టూ ఉన్న మేమందరం, చర్చి మొహం చూడనివాళ్ళం కూడా, పెదాలు కదిపేవాళ్ళం.

నా పని పక్కటెముకలు. రెక్క లోపల వరసగా ఉండే సన్నని బెండు ముక్కలవి. మాస్టారు కిరసనాయిలు డబ్బాల రేకుతో కోసిన అచ్చులుండేవి. అచ్చు చుట్టూ కత్తి తిప్పి ముక్క తీసేవాణ్ణి. ఇక మూడోవాడు వార్నీసువాడు. కాగితం బిగుసుకోవడానికి పైన ఒక మందు పూస్తారు, థిన్నరు వాసన వచ్చేది. అది వాడి పని. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. వాడి చెయ్యి ఎంత తేలికంటే, పూశాక తూచినా బరువు తేడా తెలిసేది కాదు. "ఈడు పెళ్ళికి ఎల్లినా, ఇస్తరాకు బరువు తగ్గీలాగ తినడు" అని అక్క ఎగతాళి చేసేది.

ప్లాస్టిక్ విమానాలొచ్చి మావి అడిగేవాళ్ళు తగ్గారు. మాస్టారు పెద్దవారై కన్నుమూశారు. ఆయన చిన్నకొడుకుని మేం చిన్నబాబు అంటాం. చిన్నబాబు షెడ్డుని ఫర్నిచర్ గోడౌను చేసి, రోడ్డు మీదకి షోరూం కట్టాడు. వార్నీసువాడు అందులో చేరిపోయాడు. మంచాలు, బీరువాలు, డైనింగ్ టేబుళ్ళు. వాడి తప్పేం కాదు, పిల్లలున్నారు. నేను ఒక స్కూలుకి బెంచీలు బాగుచేసుకుంటూ రిటైరయ్యాను. అక్క ఇంట్లో కూచుంది.

కొన్నేళ్ళకి ఏమైందంటే, ఒకప్పుడు మాస్టారి కొంగలు ఎగరేసిన కుర్రాళ్ళు పెద్ద పెద్ద ఆఫీసర్లయి, ఫోనుల్లో మాస్టారి గురించి రాయడం మొదలెట్టారు. ఆ దెబ్బకి చిన్నబాబుకి తండ్రి గుర్తొచ్చాడు. ఒక ఉదయం కారు మా ఇంటి ముందు ఆగింది.

"బాబాయ్ గారూ, నాన్నగారి హెరిటేజ్‌ని మనం ప్రిజర్వ్ చెయ్యాలి" అన్నాడు.

"మంచిది బాబూ. రేకు అచ్చులు ఎక్కడున్నాయి?" అన్నాను.

"ఏ రేకులు?"

"రెక్కల అచ్చులు. షెడ్డులో మేకుకి తగిలించి ఉండేవి."

"అవా? గోడౌన్ క్లీన్ చేసినప్పుడు పాత సామాన్లకి పోయాయి బాబాయ్. తుప్పు పట్టేశాయి."

మీరడగొచ్చు, అన్నేళ్ళు కోశావు కదా, చేతికి గుర్తుండదా అని. అచ్చు చుట్టూ కత్తి తిప్పడం చేతికి గుర్తుంది. వంపు మాత్రం అచ్చుకే గుర్తుండేది. ఒక్కో పక్కటెముక ఒక్కో వంపు, రెక్క కొసకి వెళ్ళేకొద్దీ మారుతుంది. ఆ మార్పు కోసం మాస్టారు యౌవనమంతా పెట్టారు. దాన్ని ఇనుము తూకానికి అమ్మేశారు.

అయినా నేను ఒక షరతు పెట్టాను. షోరూం పైగదిలో గాజుబీరువా కాదు, బల్ల వెయ్యాలి. పిల్లలు వచ్చి విమానం చెయ్యడం నేర్చుకోవాలి. నేను నేర్పుతాను. దానికి ఎక్కడైనా ఒక పాత కొంగ దొరికితే, రెక్క మీది కాగితం విప్పి, పక్కటెముకలు కొలుచుకుని, కొత్త అచ్చులు కోసుకుంటాను. చిన్నబాబు "డన్ బాబాయ్" అన్నాడు. అతను డన్ అన్నవేవీ అవ్వలేదని తర్వాత లెక్క వేసుకున్నాను.

కొంగ కోసం తిరిగాను. నక్కపల్లిలో ఒక ఇంట్లో రెక్క లేని మొండెం, మరో చోట చెదలు తినగా మిగిలిన తోక. ఆఖరికి రావికమతం దగ్గర ఒక చెరుకు రైతు ఇంట్లో, వడ్ల బస్తాల పైన దూలానికి, తాడుతో వేలాడుతూ కనబడింది. పొగచూరింది గాని చెక్కు చెదరలేదు. ఎక్కడా రెక్క మెలి తిరగలేదు. రైతు చదువుకునే రోజుల్లో కొన్నదట.

"దేనికండీ ఇప్పుడు ఇది?" అంది ఆ ఇంటావిడ.

"దీన్ని సూసి మళ్ళీ సేస్తామమ్మా."

"సెయ్యగల్రా?"

"ఇది సేతిలో ఉంటే సెయ్యగలం" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. కొంగ దొరికిందని అక్కకి చెప్పబోతే, ఆమె అప్పటికే నూలు సూరేకారంలో నానబెట్టేసింది.

నేను వెంటనే విప్పుతానన్నాను. చిన్నబాబు పడనివ్వలేదు. ముందు ఫంక్షన్ అన్నాడు. కాలేజీ గ్రౌండులో కొంగను ఎగరేసి, వీడియో తీసి, ఆ తర్వాత నా చేతికిస్తానన్నాడు. "విప్పేస్తే ఇక ఎగరదు కదా బాబాయ్, ఒరిజినల్ ఎగిరినట్టు ఒక్క రికార్డ్ ఉండాలి." ఆ మాటలో న్యాయం ఉంది. పైగా నాకూ, అక్కకీ దాన్ని ఒక్కసారి గాలిలో చూడాలని ఉంది. తెల్లవారగానే ఎగరెయ్యాలి, ఒత్తి ఉండాలి అని చెప్పాను. డన్ అన్నాడు.

ముందు రోజు కొంగ షోరూంలో ఉంది. పొగ తుడిచి మెరుగు పెట్టమని వార్నీసువాడికి అప్పజెప్పారు. నేను సంతోషించాను కూడా. కొత్తవాడి చేతికి ఇచ్చుంటే భయపడేవాణ్ణి. వీడు మనవాడు కదా.

ఆ రోజు పొద్దున్న నేనూ అక్కా చీకటి విడవకముందే గ్రౌండులో ఉన్నాం. గాలి లేదు, మంచు తడి ఉంది, కొంగకి అంతకంటే మంచి వేళ లేదు. ముఖ్య అతిథి రాలేదు. కొంగ స్టేజీ మీద టేబుల్ పైన, చుట్టూ బంతిపూలు, ముందు రిబ్బను. అక్క చెయ్యి వెయ్యబోతే ఒక బౌన్సరు కుర్రాడు "టచ్ చెయ్యొద్దండీ, సార్ కట్ చేశాకే" అన్నాడు. నలభయ్యేళ్ళ క్రితం అలాంటి కొంగలకి కాగితాలు అంటించి లోకంలోకి పంపిన అక్కనే అన్నాడు ఆ మాట.

"ముట్టుకుంటే మైలపడిపోద్దేటి బాబూ?" అంది అక్క. వాడికి అర్థం కాలేదు.

వార్నీసువాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. "అన్నీ సరిసేసీసినానన్నా. రబ్బరు కూడా కట్టీసినాను. ఒత్తి దూర్చీడమే" అన్నాడు. నిజంగానే కొంగ మెరిసిపోతోంది.

పొద్దెక్కింది. ఎండ చురుక్కుమంటోంది. షామియానా కింద జనం ఉక్కపోతకి ఉడికిపోతున్నారు. గ్రౌండు అవతల రెండు గద్దలు రెక్క ఆడించకుండా తిరగడం చూశాను. చిన్నబాబు దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, ఎండెక్కిపోనాది. ఈ రోజుకి ఒద్దు."

"బాబాయ్, సార్ గేటు దగ్గరున్నారు!"

సార్ వచ్చారు. దండలు, మాటలు, రిబ్బను. కొంగ నా చేతికి వచ్చేసరికి నడినెత్తిన ఎండ. ముఖ్య అతిథి దాన్ని ఎత్తి పట్టుకోవాలి, ఎన్.సి.సి. కుర్రాడు దారంతో పరిగెత్తాలి. తోక రబ్బరు బిగించే ఉంది. దాన్ని విప్పి, తోక లేపి చూసి, మళ్ళీ కట్టడం మా పద్ధతి. అప్పటికే కెమెరాలవాళ్ళు "జరగండి తాతా" అని నన్ను పక్కకి నెడుతున్నారు. అక్క మాత్రం జరగలేదు. ఒత్తి దూర్చి, నోట్లోంచి చుట్ట తీసింది.

"అక్కా, ఇప్పుడు ఆ చుట్టేంటి, వీడియోలో..." అన్నాడు చిన్నబాబు.

"మీ నానకి లేని సిగ్గు నీకేటిరా?" అని ఒత్తి అంటించేసింది.

కుర్రాడు పరిగెత్తాడు. కొంగ లేచింది. ఎంత నిటారుగా లేచిందో! దారం జారింది. ఒక్క కుదుపు లేకుండా, ఎడమవైపు పెద్ద చుట్టు తిరగడం మొదలెట్టింది. అబద్ధం ఎందుకు, నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఎన్నాళ్ళో దూలానికి వేలాడిన దానికి రెక్కలో ఒక్క మెలిక లేదు. పక్కన అక్క కీర్తన ఎత్తుకుంది.

కొంగ గద్దలున్న వైపు వెళ్ళింది. గద్దలతో కలిసి తిరిగింది. జనం చప్పట్లు. పైకి పోతోంది. అక్క ఆఖరి చరణానికి వచ్చింది. నేను తోక వైపే చూస్తున్నాను. ఆమె గొంతు ఆగింది.

తోక లేవలేదు.

"ఒత్తి ఆరిపోనాదేటక్కా?" అన్నాను.

"నా ఒత్తి ఆరదు" అంది. కీర్తన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆమె రెండోసారి పాడటం నేను ఎప్పుడూ వినలేదు. కొంగ అరచేతంత అయింది. తర్వాత వేలి గోరంత.

వెనక నుంచి నా చొక్కా ఎవరో పట్టుకున్నారు. వార్నీసువాడు.

"అన్నా, తోక... నిన్న తుడుస్తుంటే సేతికి వదులు తగిలిందన్నా."

"తగులుద్ది. వదులుగానే ఉంటాది."

"గమ్మెట్టి బిగించీసినాను."

నేను వాడి వైపు తిరిగాను.

"ఏటి సేసినావురా?" అంది అక్క.

"మంచాలకి సేసినట్టే సేసీసినానక్కా. సెయ్యి అలా ఎలిపోనాది. గుర్తు రాలేదు. అంతా అయిపోనాక కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు నువ్వు పాట ఎత్తుకున్నాక గుర్తొచ్చినాది."

ఫర్నిచర్లో వదులంటే లోపం. కాలు వదులైతే మంచం తిరిగి వస్తుంది, యజమాని తిడతాడు. వాడు అన్నేళ్ళుగా వదులు కనబడితే బిగిస్తూ బతికాడు. వాడి చెయ్యి వాడి కంటే ముందు పనిచేసింది. ఊళ్ళో ఇంకెవడు ఆ పని చేసినా నేను వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. మా షెడ్డులో తోకలకి మందు పూసిన చెయ్యే అది, ఏ చొక్కా పట్టుకోను?

అప్పటికి కొంగ కనబడటం లేదు. మైకులో ముఖ్య అతిథి గొంతు మోగుతోంది. మన నర్సీపట్నం విమానం ఆకాశాన్ని జయించిందట. దిగమన్నా దిగనంటోందట. జనం ఈలలు వేస్తున్నారు. చిన్నబాబు పరుగున వచ్చి నన్ను కావలించుకున్నాడు.

"బాబాయ్, సూపర్! ఎక్కడ ల్యాండ్ అవుతుంది?"

"అవదు బాబూ" అన్నాను.

"అంటే?"

అక్క చుట్ట నేలకేసి రాసి ఆర్పింది. "అంటే అయిపోనాది. మీ నాన ఇయ్యాల పోనాడు" అంది.

వెతికాం. నేనూ వార్నీసువాడూ వాడి మోపెడ్ మీద జీడితోటలన్నీ తిరిగాం. వాడు ప్రతి చెట్టూ ఎక్కి చూస్తానంటాడు, ఎక్కలేడు, నేనూ ఎక్కలేను. ఒక తోటలో జీడిపిక్కలు ఏరుతున్న ఆవిడని అడిగితే, "తెల్లటిదేనా? సూసినాను. రెక్క ఆడించకుండా ఎలిపోతంది. సచ్చిన పిట్ట అనుకున్నాను గాని, సచ్చినది పైకి ఎలిపోద్దేటి?" అంది. ఏ వైపంటే కొండల వైపు చెయ్యి చూపించింది. మన్యం కొండలు మొత్తం చూపించినట్టే. అటుతర్వాత వాన పడింది. కాగితం రెక్కలకి వాన పడితే ఇక వెతకనక్కర్లేదు.

మేం ముగ్గురం కూచుని గుర్తున్నంత మట్టుకు ఒకటి చేశాం. వెదురు నేను చీరాను, కాగితం అక్క అంటించింది, మందు వాడు పూశాడు. చూడ్డానికి అచ్చం కొంగే. గ్రౌండులో లేచి, ముక్కు కిందికి వేసి, నేలలో పొడుచుకుంది. వంపు మార్చి ఇంకొకటి చేశాం. అదీ పొడుచుకుంది. మూడోదానికి అక్క ఒత్తి చెయ్యనంది. "ఎగరని దానికి ఒత్తి ఎందుకురా?" అంది. వార్నీసువాడు నా ఇంటికి వచ్చినప్పుడల్లా, "ఒకపాలి తిట్టీ అన్నా" అంటాడు. నా దగ్గర తిట్లు చాలా ఉన్నాయి గాని వాడికి సరిపోయేది దొరకలేదు. టీ తాగించి పంపిస్తాను.

వీడియో మాత్రం ఊరంతా చూసింది. మాస్టారి పేరు ఎక్కడెక్కడికో పోయింది. పైగదిలో నా బల్ల వెయ్యలేదు, ఆ జాగాలో సోఫాలు పెట్టారు. దానికి బదులు చిన్నబాబు షోరూం ముందు స్తంభం మీద పెద్ద ఫైబర్ కొంగను పెట్టించాడు. పండగలప్పుడు దానికి లైట్లు చుడతారు. మాస్టారి పేరు బంగారు రంగులో రాయించాడు. దాని ముందు పిల్లలు ఫోటోలు దిగుతారు. ఇది చదువుతున్న కుర్రాళ్ళలో ఒకరిద్దరు దిగే ఉంటారు. దిగండి, నేను వద్దనను. మాస్టారు చేసినది అది కాదని తెలిస్తే చాలు.

మొన్న వార్నీసువాడు దానికి కొత్త రంగు వేస్తున్నాడు. చిన్నబాబు పురమాయించాడట. వాడు రంగు కలపడానికి దిగితే, నిచ్చెన ఖాళీగా ఉంది కదా అని తోక అందేదాకా మెల్లగా ఎక్కాను. ఏళ్ళ అలవాటు, వేలు తోక కిందికి పెట్టి లేపి చూశాను.

కింద నుంచి వాడు తలెత్తి చూస్తున్నాడు.

"గట్టిగా ఉందిరా" అన్నాను. దిగిపోయాను.